అడిగే చనువు, చెప్పే గౌరవం

మీ పనిలో ఇవాళ మీకు తెలిసిన మెలకువలు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒక కాగితం మీద పేర్లు రాసి చూడండి. మొదట కాలేజీ, ట్రైనింగ్ సెంటర్ గుర్తొస్తాయి. కాస్త ఆలోచిస్తే అసలు పేర్లు బయటికొస్తాయి. చేరిన కొత్తలో ఫైలు ఏ టేబుల్ దగ్గర ఎందుకు ఆగుతుందో చెప్పిన సీనియర్ అసిస్టెంట్. "మోటారు మూలుగుతూ తిరక్కపోతే ముందు కెపాసిటర్ చూడు తమ్ముడూ" అని టీ కొట్టు దగ్గర చెప్పిన పెద్ద మెకానిక్. వేరే జిల్లాలో ఉంటూ ఫోన్లోనే సగం చిక్కులు విప్పిన బ్యాచ్‌మేట్. ఈ చదువుకు సిలబస్ లేదు, సర్టిఫికెట్ లేదు. కానీ ఉద్యోగంలో మనల్ని నిలబెట్టింది ఎక్కువగా ఇదే.

ఈ చదువును ఫోన్, కంప్యూటర్ సాయంతో పెంచడం ఎలా అన్నదే ఈ అధ్యాయం. మీరు పది మందితో వర్క్‌షాప్ నడుపుతూ ఉండవచ్చు, స్కూల్ కాంప్లెక్స్ బాధ్యత చూస్తూ ఉండవచ్చు, ఐటీ కంపెనీలో టీమ్ లీడ్ అయి ఉండవచ్చు. ఎవరికైనా నేను చెప్పేది ఒకటే. పనిలో చిక్కుపడ్డ మనిషిని, అదే చిక్కును అంతకుముందు విప్పిన మనిషి దగ్గరికి చేర్చడమే టెక్నాలజీ చేయాల్సిన పని. అది జరగాలంటే అడిగేవారికి చనువు ఉండాలి, చెప్పేవారికి గౌరవం దక్కాలి. ఈ రెండూ ఉన్న చోట మామూలు ఫోన్ చాలు. లేని చోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఎవరూ తెరవరు.

జిరాక్స్ మెకానిక్‌ల దగ్గర మొదలైన కథ

1980లలో జూలియన్ ఆర్ అనే మానవ శాస్త్రవేత్త అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం తరఫున ఒక పని చేశాడు. ఆఫీసులకు వెళ్లి ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే మెకానిక్‌ల వెంట తిరిగాడు. వాళ్ల చేతుల్లో కంపెనీ ఇచ్చిన మాన్యువల్ ఉంది. ఏ ఎర్రర్ కోడ్‌కు ఏం చేయాలో అందులో వరసగా ఉంది. కానీ యంత్రాలు మాన్యువల్ ప్రకారం పాడవడం లేదు. ఒకే మోడల్ యంత్రం ఒక ఆఫీసులో ఒకలా, ఇంకో ఆఫీసులో ఇంకోలా మొరాయిస్తోంది.

అలాంటప్పుడు మెకానిక్‌లు ఏం చేస్తున్నారో ఆర్ గమనించాడు. టిఫిన్ దగ్గర, భోజనం దగ్గర కలుసుకుని, తమకు ఎదురైన మొండి యంత్రాల కథలు చెప్పుకుంటున్నారు. ఒకరి కథ విని ఇంకొకరు తమ కథ అందుకుంటున్నారు. ఆ మాటల మధ్యే రోగం దొరుకుతోంది. బయటివాళ్లకు కాలక్షేపంలా కనిపించిన ఆ కబుర్లే వాళ్ల అసలు బడి అని ఆయన తేల్చాడు. 1996లో వచ్చిన 'టాకింగ్ అబౌట్ మెషీన్స్' పుస్తకం ఈ పరిశీలనల ఫలితమే.

అదే పరిశోధన కేంద్రం మొదట వేరే దారి పట్టింది. యంత్రం రోగాన్ని తనంతట తానే కనిపెట్టే తెలివైన ప్రోగ్రాం రాసి మెకానిక్‌లకు చూపించింది. వాళ్లను అది పెద్దగా ఆకట్టుకోలేదు. తెలిసిన రిపేర్లు వాళ్లకు ముందే వచ్చు. వాళ్ల రోజంతా మింగేసేవి ఏ పుస్తకంలోనూ లేని కొత్త సమస్యలు. వాటికి మందు, నిన్నో మొన్నో ఎక్కడో ఇంకో మెకానిక్ కనిపెట్టి ఉంటాడు. వాళ్లకు కావలసింది అతని మాట.

అలా పుట్టింది 'యురేకా'. 1990లలో దాన్ని ముందుగా ఫ్రాన్స్‌లో ప్రయత్నించారు. అప్పటికే అక్కడ జనం వాడుకలో ఉన్న మినిటెల్ టెర్మినల్ మీదే నడిపారు. మెకానిక్ తాను కనిపెట్టిన కిటుకును రాసి పంపుతాడు. తోటి నిపుణులు దాన్ని పరీక్షించి, నిజమే అనుకుంటే అందరికీ అందుబాటులో పెడతారు. కింద రాసినవారి పేరు ఉంటుంది. బ్రెజిల్‌లో ఒక ఇంజనీరు, కస్టమర్ విసిగిపోయిన ఖరీదైన కలర్ కాపియర్‌ను మార్చి దాదాపు 40 వేల డాలర్ల కొత్తది ఇవ్వడానికి సిద్ధపడిన సమయంలో యురేకాలో వెతికాడు. కెనడాలోని మాంట్రియల్ నుంచి ఒక మెకానిక్ రాసిన చిట్కా దొరికింది. తప్పంతా అర డాలర్ ఖరీదు చేసే ఫ్యూజ్ హోల్డర్‌ది. ఆ ఇద్దరికీ ముఖపరిచయం అవసరం లేకపోయింది. ఒకరి అనుభవం ఇంకొకరికి అవసరమైన గంటలో అందింది, అంతే.

ఈ కథ నుంచి మూడు సంగతులు పట్టుకోండి. ఒకటి, సాధనం తయారు చేయడానికి ముందు మనుషులు ఎక్కడ, ఎప్పుడు మాట్లాడుకుంటున్నారో చూశారు. రెండు, వాళ్లకు అలవాటైన సాధనం మీదే నడిపారు. మూడు, ఏది నిలబెట్టాలో ఏది తీసేయాలో పని తెలిసిన తోటివారే నిర్ణయించారు. మీరు ఏ పద్ధతి పెట్టినా ఈ మూడింటితో సరిచూసుకోండి.

అడిగేవారి బెరుకు తీర్చండి

మన ఆఫీసుల్లో ప్రశ్నలు తక్కువ ఎందుకు వస్తాయో అందరికీ తెలుసు. "ఇన్నేళ్ల సర్వీసు ఉండి ఇదీ తెలియదా?" అన్న మాట పడాల్సి వస్తుందని భయం. ఆ మాట ఒక్కసారి పడ్డవారు మళ్లీ నోరు తెరవరు. వాళ్లకు పడటం చూసిన మరో పదిమంది కూడా తెరవరు.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి నర్సుల బృందాలలో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకుంది. లెక్క తిరగబడింది. కలిసికట్టుగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. కారణం వెతికితే, అక్కడ పొరపాటును దాచాల్సిన పరిస్థితి లేదని తేలింది. చెప్పగలుగుతున్నారు కాబట్టే లెక్కలోకి వస్తున్నాయి. మీ గ్రూపులో ప్రశ్నలు, పొరపాట్లు ఎక్కువ కనిపిస్తే కంగారుపడకండి. ఏమీ కనిపించకపోతే అప్పుడు కంగారుపడండి.

భయం లేకుండా చెప్పుకునే ఏర్పాటు ఎంత విలువైందో విమానరంగం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతూ వర్జీనియాలో ఒక కొండను ఢీకొంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని, మ్యాపులోని ఎత్తును పైలట్లు అర్థం చేసుకున్న తీరులో పొరపాటు జరిగింది. ఆరు వారాల ముందే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి అదే దారిలో, అదే పొరపాటు వల్ల త్రుటిలో తప్పించుకుంది. యునైటెడ్ తన పైలట్లను హెచ్చరించుకుంది. కానీ ఆ కబురు పక్క కంపెనీ పైలట్లకు చేరే దారి లేదు.

ఆ తర్వాత 1976లో పైలట్లు, కంట్రోలర్లు తమకు ఎదురైన ప్రమాదపు అంచులను రహస్యంగా తెలియజేసే పద్ధతి మొదలైంది. దాన్ని ఎలా అమర్చారో గమనించండి. శిక్షించే అధికారమున్న విమానయాన శాఖ దగ్గర పెడితే ఎవరూ నమ్మరని, నిర్వహణను నాసాకు అప్పగించారు. రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసేస్తారు. తెలియక చేసిన తప్పును పది రోజుల్లోపు తెలియజేస్తే, కొన్ని షరతులకు లోబడి, శిక్ష నుంచి మినహాయింపు ఉంటుంది. వచ్చిన పాఠాలను 1979 నుంచి 'కాల్‌బ్యాక్' అనే చిన్న పత్రికగా తిరిగి అందరికీ పంచుతున్నారు. భయం తీసేశారు, ఫలితం చూపించారు. అందుకే రిపోర్టులు వస్తూనే ఉన్నాయి.

మీ స్థాయిలో మీరు చేయగలిగినవి ఇవి:

1. ఆర్డర్లు, సర్క్యులర్లు, హాజరు వివరాలు వచ్చే గ్రూపు వేరు, పని చిక్కులు మాట్లాడుకునే గ్రూపు వేరు. రెండూ కలిపితే రెండోది చచ్చిపోతుంది.

2. చర్యలు తీసుకునే అధికారి నేర్చుకునే గ్రూపులో ఉండకపోవడమే మంచిది. ఉండాలనుకుంటే ముందు తానే ఒక నిజమైన ప్రశ్న అడగాలి. పైవారు "నాకిది తెలియదు, మీలో ఎవరికైనా తెలుసా?" అన్న రోజున కిందివారికి నోరొస్తుంది.

3. పేరు చెప్పకుండా అడిగే దారి ఒకటి ఉంచండి. పేరు, ఈమెయిల్ అడగని గూగుల్ ఫారం చాలు. అందులో వచ్చిన ప్రశ్నను నిర్వాహకులు తమ ప్రశ్నగా గ్రూపులో పెట్టవచ్చు.

4. జవాబు తెలియకపోయినా, "చూశాను, కనుక్కుంటాను" అన్న మాట ఆ రోజే పడాలి. దీనికి వారానికొకరు వంతు తీసుకోండి. అడిగి, ఎవరూ పలక్కపోతే కలిగే చిన్నతనం తిట్టు కన్నా లోతుగా దిగుతుంది.

చెప్పేవారి పేరు నిలబెట్టండి

యురేకా నడిపినప్పుడు, చిట్కా రాసినవారికి డబ్బు ఇద్దామా అన్న ప్రశ్న వచ్చింది. మెకానిక్‌ల వైపు నుంచే వద్దన్న మాట వచ్చింది. డబ్బు పెడితే లెక్క పెంచడానికి రాస్తారు, పనికొచ్చేది రాయరని వాళ్ల భయం. వాళ్లకు కావలసింది చిట్కా కింద తమ పేరు. తోటివారు పరీక్షించి సరేనన్నారు, దేశంలో ఇంకెక్కడో ఎవరికో పనికొచ్చింది అన్న తృప్తి. చేతిపని తెలిసినవారికి తమ పనివారి మధ్య దక్కే గుర్తింపును మించిన బహుమతి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి గ్రూపులో తేలిన ప్రతి పరిష్కారం కిందా ఎవరు చెప్పారో, ఏ ఊళ్లో, ఏ నెలలో పనిచేసిందో రాయండి. దాన్ని వాడుకున్నవారు తిరిగి వచ్చి "అన్నా, మీరు చెప్పినట్టే చేశాను, పనిచేసింది" అని అందరి ముందు చెప్పడం మర్యాదగా మార్చండి. పనిచేయకపోతే అది కూడా చెప్పాలి. ఎందుకు పనిచేయలేదో తేలితే అది ఇంకో పాఠం. పాయింట్లు, బ్యాడ్జీలు, నెలకో 'బెస్ట్ కంట్రిబ్యూటర్' పోటీ మాత్రం చిన్న గ్రూపుల్లో పెట్టకండి. నెమ్మదస్తులు వెనక్కి తగ్గుతారు, ఎక్కువ మాట్లాడేవారు ఇంకా ఎక్కువ మాట్లాడతారు.

తోటివారి మాటకు మనం ఎంత విలువిస్తామో మనకే సరిగ్గా తెలియదు. గుజరాత్‌లో ఒక పరిశోధన దీన్ని అందంగా బయటపెట్టింది. నీల్ పటేల్, ఆయన సహచరులు 305 మంది రైతులకు ఫోన్‌లో ఏడు వ్యవసాయ సలహాలు పంపారు. అవే సలహాలను కొన్నిటిని విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల గొంతుతో, కొన్నిటిని తోటి రైతుల గొంతుతో రికార్డు చేశారు. కాస్త వినిపించి, మిగతాది వినాలంటే ఫలానా నంబరుకు ఫోన్ చేయమన్నారు. ఎవరి మాట వినడానికి ఇష్టపడతారని అడిగితే ఎక్కువమంది శాస్త్రవేత్త మాటే అన్నారు. కానీ ఫోన్లు ఎక్కువగా వచ్చింది తోటి రైతు గొంతు విన్నప్పుడు. మనిషి పైకి చెప్పేదొకటి, అవసరమొచ్చినప్పుడు చెయ్యి వెళ్లేది ఇంకోవైపు. మీ సంస్థలో సర్వే పెట్టి "నిపుణుల వీడియోలు కావాలి" అన్న జవాబు చూసి ఆగిపోవద్దు. ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారో చూడండి.

డిజిటల్ గ్రీన్ సంస్థ అనుభవం కూడా ఇదే చెబుతుంది. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఒక ప్రయోగంగా మొదలై, తర్వాత స్వతంత్ర సంస్థ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సాగు కార్యక్రమంతో కూడా కలిసి పనిచేసింది. వీళ్ల వీడియోల్లో కనిపించేది ఆ ప్రాంతపు రైతులే, మాట్లాడేది ఆ ప్రాంతపు మాటే. వీడియో చూడగానే జనం ముందు అడిగేది, "ఆ రైతు ఎవరు? ఏ ఊరు?" అని. ఇంకో సంగతి ఏమిటంటే, వీడియోను ఊరికే వదిలేయరు. చిన్న గుంపుకు చూపిస్తూ ఊరివారే ఒకరు మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తారు, ఎవరు చేసి చూస్తామంటున్నారో రాసుకుంటారు, తర్వాత వెళ్లి చూస్తారు. వీడియోకు ఆ మనిషి తోడైనప్పుడే పాఠం పొలందాకా వెళ్తుంది.

నాలుగు గోడలు దాటండి

మీ పక్క టేబుల్ వారికి తెలిసింది చాలావరకు మీకూ తెలుసు. మీకు తెలియనిది దూరపు పరిచయస్తుల దగ్గర ఉంటుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనొవెటర్ 1973లో రాసిన వ్యాసంలో దీనికి లెక్క చూపించాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవారిని, ఆ తెలిసినవారిని ఎంత తరచుగా కలుస్తారని అడిగాడు. తరచుగా కలుస్తామన్నవారు ఆరుగురిలో ఒకరు మాత్రమే. సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు కలిసేవారి ద్వారా ఉద్యోగం సంపాదించారు. కొత్త కబురు దగ్గరివారి కన్నా దూరపు పరిచయాల మీదుగా ఎక్కువ నడుస్తుంది. ఉద్యోగం కబురుకే కాదు, పని మెలకువకూ ఇది వర్తిస్తుందని నా అభిప్రాయం.

దూరాలు దాటి నేర్చుకోవడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి నమూనా 'ప్రాజెక్ట్ ఎకో'. అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో కాలేయ వైద్య నిపుణుడు డాక్టర్ సంజీవ్ అరోరా దీన్ని 2003లో మొదలుపెట్టారు. హెపటైటిస్-సి రోగులు ఆయన క్లినిక్‌లో చూపించుకోవడానికి నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. రోగులందరినీ నిపుణుడి దగ్గరికి రప్పించే బదులు, మారుమూల ప్రాంతాల్లోని సాధారణ వైద్యులను వారానికోసారి వీడియో కాల్‌లో కలిపారు. అక్కడ జరిగేది ప్రధానంగా ఉపన్యాసం కాదు. ఒక్కో వైద్యుడు తన దగ్గరున్న రోగి కేసును, పేరు చెప్పకుండా, అందరి ముందు పెడతాడు. నిపుణులు, తోటి వైద్యులు ప్రశ్నలు వేస్తారు, దారి చూపుతారు. మిగతావారంతా ఆ ఒక్క కేసు నుంచి నేర్చుకుంటారు. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 407 మంది రోగుల ఫలితాలు వచ్చాయి. విశ్వవిద్యాలయ క్లినిక్‌లో వైరస్ పూర్తిగా తగ్గినవారు 57.5 శాతం. ఊళ్లలోని వైద్యుల దగ్గర 58.2 శాతం. తేడా లేదు. ఇదే పద్ధతి ఎకో ఇండియా ద్వారా మన దేశంలో కూడా నడుస్తోంది.

దీన్ని ఏ పనికైనా అన్వయించుకోవచ్చు. పదిహేను రోజులకోసారి, మారని వారం, మారని వేళ, ముప్పావు గంట కాల్ పెట్టండి. రెండు నిజమైన చిక్కులు తీసుకోండి. ముందు చిక్కు ఉన్నవారు చెప్పాలి, తర్వాత తోటివారు ప్రశ్నలు వేయాలి. అందరికన్నా అనుభవమున్నవారు చివరన మాట్లాడాలి. వారు మొదటే మాట్లాడితే మిగతావారి ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ప్రతి కాల్‌కూ మీ సంస్థ బయటివారిని ఒకరినైనా పిలవండి.

వాట్సాప్‌తోనే మొదలుపెట్టండి

కొత్త యాప్ కోసం డబ్బు పెట్టకముందు అందరి చేతుల్లో ఉన్నదాన్ని సరిగ్గా వాడండి. వాట్సాప్ గ్రూపుల్లో జరిగే నష్టాలు మీకు తెలిసినవే. గుడ్ మార్నింగ్ ఫొటోలు, ఫార్వర్డులు, పండగ శుభాకాంక్షల మధ్య మంచి జవాబు కొట్టుకుపోతుంది. వారం తర్వాత అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. దీనికి మూడు అలవాట్లు చాలు.

మొదటిది, ప్రశ్న అడిగే తీరు. "పిల్లలకు తీసివేతలు రావడం లేదు, ఏం చేయాలి?" అంటే ఎవరూ జవాబు చెప్పలేరు. ఇలా అడగవచ్చు: "రెండో తరగతి. రెండంకెల తీసివేత. 52 లోంచి 27 తీసేయమంటే చాలామంది 35 వేస్తున్నారు. పుల్లల కట్టలతో చెప్పి చూశాను. పుల్లలతో సరిగ్గా చేస్తున్నారు, పలక మీద మళ్లీ అదే తప్పు. పలక ఫొటో పెడుతున్నాను." ఇందులో పని ఏమిటో, తప్పు ఎక్కడో, ఏం ప్రయత్నించారో, రుజువేమిటో అన్నీ ఉన్నాయి. దీనికి జవాబు వస్తుంది: "మేడం, పైది కిందది చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు. పుల్లల పని, పలక పని వేర్వేరుగా చేయించకండి. ఒక కట్ట విప్పగానే పలక మీద 5 కొట్టేసి 4, 2 బదులు 12 అప్పుడే రాయించండి." అడిగిన తీరు బాగుంటే జవాబు దానంతట అదే పదునెక్కుతుంది.

రెండోది, తేలిన సంగతిని ముగించడం. సమస్య తీరాక అడిగినవారే "తేలింది" అని రాసి, రెండు వాక్యాల్లో ఏం చేశారో చెప్పాలి. వంతు ప్రకారం ఉన్నవారు ఆ వారం "తేలింది" అన్నవాటిని ఒక షీట్‌లోకి ఎక్కించాలి. అయిదు గడులు చాలు: సమస్య, పరిష్కారం, చెప్పినవారు, సరిచూసినవారు, తేదీ. పని తెలిసిన ఇద్దరు సరిచూడనిదే షీట్‌లోకి ఏదీ ఎక్కకూడదు. ఏడాదికోసారి పాతవి తీసేయాలి. రూల్స్ మారతాయి, యంత్రాలు మారతాయి. పాత జవాబు కొత్త తప్పు అవుతుంది.

మూడోది, వెతికితే దొరకడం. ఇది తెలుగువారికి ప్రత్యేకంగా ఉన్న చిక్కు. ఒకరు మోటారు అని, ఒకరు మోటార్ అని, ఇంకొకరు ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తారు. చాలామంది తెలుగునే ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతారు. సెర్చ్‌లో ఒకటి కొడితే మిగతావి రావు. షీట్‌లో ప్రతి వరసకూ ఆ సమస్యను జనం పిలిచే మూడు నాలుగు రూపాలు, రెండు లిపుల్లోనూ చేర్చండి. వాయిస్ మెసేజ్‌లను ఆపకండి. టైపు చేయడం రానివారి అనుభవం వాయిస్‌లోనే ఉంటుంది. కాకపోతే దాని కింద విషయం ఏమిటో ఒక వాక్యం ఎవరో ఒకరు రాయాలి. లేకపోతే నెల తర్వాత దాన్ని వెతికి పట్టుకోవడం ఎవరి తరం కాదు.

ఒక కట్టుబాటు మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. రోగి ముఖం, కస్టమర్ ఆధార్, విద్యార్థి పేరు, ఎవరి ఫోన్ నంబరూ గ్రూపులోకి రాకూడదు. వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం మన దేశంలో 2023లో వచ్చింది. చట్టం లేకపోయినా ఇది మర్యాద. మన చదువు కోసం ఇంకొకరి బతుకును బయటపెట్టే హక్కు మనకు లేదు.

ఏఐకి ఏ పని ఇవ్వాలి

ఇప్పుడు ప్రతి ఫోన్‌లో చాట్‌బాట్ ఉంది కదా, మనిషిని అడగడం ఎందుకు అని మీ బృందంలో ఎవరైనా అడగవచ్చు. ప్రోగ్రామర్లు 2008 నుంచి ఒకరి ప్రశ్నలకు ఒకరు జవాబులు చెప్పుకుంటున్న స్టాక్ ఓవర్‌ఫ్లో, 2022 డిసెంబర్‌లో చాట్‌జీపీటీ రాసిన జవాబులు పెట్టడాన్ని నిషేధించింది. చూడటానికి సరిగ్గా ఉన్నట్టే ఉండి, తప్పులు ఎక్కువగా ఉంటున్నాయన్నది వారి కారణం. ఆ తర్వాత చాట్‌బాట్‌లు చాలా మెరుగుపడ్డాయి. అయినా మీ ఊరి వోల్టేజీలో, మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో, మీ తరగతి పిల్లల దగ్గర నిన్న ఏం పనిచేసిందో చాట్‌బాట్‌కు ఎవరూ చెప్పకుండా తెలియదు. కాబట్టి వాయిస్ మెసేజ్‌లను రాతలోకి మార్చడం, షీట్‌లో వెతకడం, పొడుగాటి చర్చను కుదించడం లాంటి పనులు దానికి ఇవ్వండి. "చేసి చూశాను, పనిచేసింది" అనే మాట మాత్రం మనిషి నోటి నుంచే రావాలి.

ఏది లెక్కపెట్టాలి

రోజుకు ఎన్ని మెసేజ్‌లు వచ్చాయన్నది లెక్కపెట్టకండి. నెలకోసారి నాలుగు సంగతులు చూడండి. ప్రశ్నకు మొదటి స్పందన రావడానికి ఎంతసేపు పట్టింది? ఈ నెల మొదటిసారి నోరు తెరిచినవారు ఎందరు? విన్నది చేసి చూసి, తిరిగి చెప్పినవారు ఎందరు? షీట్‌లో జవాబు ఉండగా మళ్లీ వచ్చిన ప్రశ్నలు ఎన్ని? చివరిది పెరుగుతుంటే మనుషుల్ని తప్పుపట్టకండి. షీట్ వెతకడానికి అనువుగా లేదని అర్థం, దాన్ని బాగుచేయండి. గ్రూపు పెద్దదై వాట్సాప్‌లో ఏదీ దొరకని స్థితి వచ్చినప్పుడే వేరే సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించండి. అప్పటికి మీకు ఏం కావాలో మీ షీటే చెబుతుంది.

నాలుగు వారాల పని

మొదటి వారం: ఏ సాధనమూ ముట్టుకోకండి. మీ చోట ఎవరు ఎవర్ని ఏం అడుగుతున్నారో, ఎక్కడ అడుగుతున్నారో చూసి రాసుకోండి. అందరూ వెళ్లి అడిగే ఇద్దరు ముగ్గురిని, ఎవరినీ అడగలేని ఇద్దరు ముగ్గురిని గుర్తించండి.

రెండో వారం: అడిగించుకునేవారిని కూర్చోబెట్టి, వారితోనే నియమాలు రాయించండి. అరపేజీ దాటకూడదు. గ్రూపు మొదలుపెట్టి, మొదటి ప్రశ్న మీరే అడగండి.

మూడో వారం: షీట్ తెరవండి. పేర్లతో, సరిచూసిన పది పరిష్కారాలు ఎక్కించండి. ఎవరినీ అడగలేని ఆ ఇద్దరు ముగ్గురికి విడిగా ఫోన్ చేసి, వాళ్ల చిక్కు ఏమిటో కనుక్కోండి.

నాలుగో వారం: మొదటి కాల్ పెట్టండి. రెండు కేసులు, బయటి నుంచి ఒక అతిథి, ముప్పావు గంట. చివర్లో ఒకే ప్రశ్న అడగండి: "ఇవాళ విన్నదాంట్లో రేపు ఏది చేసి చూస్తారు?"

మీ సంస్థలో పదవీ విరమణకు దగ్గరపడ్డవారు ఎవరో ఒకరు ఉంటారు. ఏ మాన్యువల్‌లోనూ లేని అనుభవం వారి దగ్గర ఉంది, అడిగేవారు లేక అది వారితోనే వెళ్లిపోబోతోంది. ఈ అధ్యాయం పక్కన పెట్టగానే వారికి ఫోన్ చేయండి. మీ పనిలో ఇప్పుడు మిమ్మల్ని నిజంగా ఇబ్బందిపెడుతున్న ఒక్క చిక్కు చెప్పి, "మీరైతే ఏం చేసేవారు?" అని అడగండి. వారు చెప్పింది వారి పేరుతో రాసిపెట్టండి. మీ షీట్‌లో మొదటి వరస అదే కావాలి.